ఒక క్రియాపదంలో ఒదిగిన జీవితం – డాక్టర్ థామస్ బౌడ్లర్

మనిషి గతించిన తరువాత అతని పేరు శిలాఫలకం మీదనో, వీధి మలుపులోనో, విద్యాలయ ద్వారం మీదనో నిలిచి ఉండడం లోకంలో సాధారణమే. కాని ఒక మనిషి పేరు భాషలో క్రియాపదమై నిలిచిపోవడం అరుదైన సంగతి. అది గౌరవమా, శిక్షా అన్నది ఆ క్రియకు లోకం చెప్పుకొనే అర్థాన్ని బట్టి ఉంటుంది. పాలను మితంగా వేడిచేసి హానికర సూక్ష్మజీవులను నిర్మూలించే పద్ధతికి లూయీ పాశ్చర్ పేరు స్థిరపడింది, అది గౌరవం. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతపు రైతులు కౌలు తగవులో వెలివేసిన కెప్టెన్ బాయ్‌కాట్ పేరు వెలివేతకే మారుపేరైంది; స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఆ మాట మన పల్లెలకు కూడా వచ్చింది. ఎడింబరో నగరంలో శవాల విక్రయం కోసం హత్యలు చేసి 1829లో ఉరికంబమెక్కిన విలియం బర్క్ పేరు, ఊపిరాడకుండా నొక్కివేయడమనే అర్థంలో కొంతకాలం వాడుకలో ఉండేది. ఇవి శిక్షలు.

ఈ వరుసలో ఎటూ తేలని పేరు ఒకటి ఉంది. అది బౌడ్లరైజ్ అనే క్రియ. మన విద్యార్థులు పాఠ్యపుస్తకాలలో దీనిని తరచుగా చూడరు. సాహిత్య విమర్శలోనో, నిఘంటువు పుటలలోనో ఎప్పుడైనా ఎదురుపడుతుంది. ఒక గ్రంథంలో అసభ్యమనో, అనుచితమనో తోచిన మాటలను తీసివేసి లేదా మార్చివేసి ప్రకటించడం దీని అర్థం. మామూలు సంక్షేపానికి ఈ మాట చెల్లదు. ఈ క్రియను వాడేవారి కంఠంలో దాదాపు ఎప్పుడూ ఒక ఎత్తిపొడుపు ధ్వనిస్తుంది. మూల రచయిత కంటె తనకే ఎక్కువ తెలుసునని భ్రమించి, గొప్ప గ్రంథం మీద కత్తెర వేసిన వాడన్న భావం అందులో ఇమిడి ఉంది.

ఈ పదనిర్మాణం తెలుగువారికి సులభంగానే బోధపడుతుంది. గ్రీకు నుంచి లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లంలోకి వచ్చిన ఐజ్ అనే ప్రత్యయం నామవాచకాలను క్రియలుగా మారుస్తుంది. మనకు ఇంచు అనే ప్రత్యయం చేసే పని అటువంటిదే. ప్రేమ ప్రేమించు అయినట్లు, జయం జయించు అయినట్లు, బౌడ్లర్ అన్న ఇంటిపేరు ఆంగ్లంలో క్రియ అయినది. ఇంతకూ ఈ బౌడ్లర్ ఎవరు? అతడు చేసిన పని ఏమిటి? ఆ పని నిజంగా అతడే ఆరంభించాడా? ఈ మూడవ ప్రశ్నకు సమాధానం లోకానికి తెలియడానికి నూటయేభై ఏండ్లకు పైగా పట్టింది.

థామస్ బౌడ్లర్ 1754వ సంవత్సరం జూలై 11న ఇంగ్లండులో బాత్ నగర సమీపాన ఉన్న బాక్స్ గ్రామంలో జన్మించాడు. కలిగిన కుటుంబం. దైవభక్తి, చదువు, క్రమశిక్షణ ఆ ఇంటి సొత్తు. తల్లి ఎలిజబెత్, సర్ రాబర్ట్ కాటన్ వంశానికి చెందిన ఆడపడుచు. ప్రాచీన వ్రాతప్రతులను ప్రాణప్రదంగా సేకరించిన ఆ కాటన్ గ్రంథ సంచయమే అనంతరం బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయానికి పునాదులలో ఒకటైంది. ఆంగ్ల భాషలోని ప్రాచీన వీరకావ్యమైన బేవుల్ఫ్ కు మిగిలిన ఏకైక వ్రాతప్రతి ఆ సంచయంలోనిదే. అక్షరం పోకుండా కాపాడిన వంశంలో పుట్టినవాడు అక్షరం కోసివేసినవాడిగా పేరు పొందడం విధి వైచిత్రి అనక తప్పదు.

తోబుట్టువులు కూడా సామాన్యులు కారు. పెద్దక్క జేన్ చిరకాలం రోగపీడితురాలై 1784లో మరణించింది. ఆమె పద్యాలు, వ్యాసాలు 1786లో గ్రంథరూపంలో వెలువడి, అనేక ముద్రణలు పొందాయి. అన్న జాన్ మతనిష్ఠగల రచయిత. 1750లో జన్మించిన మరొక అక్క హెన్రియెటా మరియా. ఇంటివారు ఆమెను హారియెట్ అని పిలిచేవారు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకోవలసి ఉంటుంది.

ఆ యింట సాయంవేళ తండ్రి షేక్‌స్పియర్ నాటకాలను బిగ్గరగా చదివి కుటుంబానికి వినిపించేవాడు. భార్యాబిడ్డల ముందు పలకరాని మాట వచ్చినప్పుడు ఆయన తడబడకుండా, గొంతు మారకుండా దానిని దాటివేసేవాడు. విన్నవారికి ఏదో లోపించిందన్న అనుమానమే కలిగేది కాదు. పెద్దవాడై తానే మూలగ్రంథం తెరచినప్పుడు గాని తండ్రి చూపిన నేర్పు కుమారునికి తెలియలేదు. ప్రతి తండ్రికీ అటువంటి చాకచక్యం ఉండదు గనుక, ఆ పనిని అచ్చులోనే చేసిపెడితే ఎన్నో కుటుంబాలు నిశ్చింతగా షేక్‌స్పియర్‌ను చదువుకొనగలవన్న ఆలోచనకు బీజం అక్కడ పడింది.

థామస్ 1770లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేరి, అనంతరం ఎడింబరోలో వైద్యశాస్త్రం అభ్యసించి, 1776లో విడతజ్వరాలపై పరిశోధన వ్యాసం సమర్పించి వైద్యపట్టం పొందాడు. తరువాత నాలుగేండ్ల పాటు ఐరోపా ఖండంలో జర్మనీ, హంగరీ, ఇటలీ, సిసిలీ ప్రాంతాలు సంచరించాడు. 1781లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఒక యువమిత్రుడు ప్రాణాంతక జ్వరంతో పడివుండగా అతడు దగ్గర ఉండి పరిచర్య చేశాడు. మిత్రుడు దక్కలేదు. ఆ జ్వరం వైద్యునికి సోకింది. కోలుకొని స్వదేశం చేరాడు గాని, రోగి మంచం పక్కన కూర్చునే ధైర్యం అతనిలో నశించింది. ఆ ఏడే రాయల్ సొసైటీ సభ్యత్వం, వైద్యుల రాజకళాశాల అనుమతి రెండూ లభించినా అతడు వైద్యవృత్తిని విడిచిపెట్టాడు. పేరుకు ముందు డాక్టర్ అన్న మాట మాత్రం మిగిలింది.

వృత్తి వదిలినవాడు సేవను వదలలేదు. ఆ కాలపు ఇంగ్లండులో చెరసాలలు నరకకూపాలు. జాన్ హోవార్డ్ అనే మహనీయుడు దేశమంతటా తిరిగి ఆ దుస్థితిని లోకానికి చాటి, 1790లో పరలోకగతుడైనాడు. ఆ మార్గాన నడిచి, చెరసాలలను పరిశీలించి, సంస్కరణ కోసం శ్రమించిన వారిలో బౌడ్లర్ ఒకడు. 1787లో హాలండు దేశంలో జరిగిన రాజకీయ సంక్షోభాన్ని స్వయంగా చూసి, మరుసటి ఏడు లేఖల రూపంలో ప్రకటించాడు.

బౌడ్లర్ అనగానే నవ్వులేని నీతిబోధకుని ఊహించుకొనేవారు చదరంగ చరిత్ర చూడవలసి ఉంటుంది. ఆనాటి ప్రపంచంలో సాటిలేని ఆటగాడైన ఫ్రెంచి దేశీయుడు ఫిలిడార్‌తో అతడు ఆడిన ఎనిమిది ఆటలు లిఖితమై ఉన్నాయి. ఫిలిడార్ తన బలాన్ని కొంత తగ్గించుకొనే ఆడినా, వాటిలో రెండింట బౌడ్లర్ గెలిచాడు. 1788లో లండన్‌లో కాన్వే అనే ప్రత్యర్థిపై తన రెండు ఏనుగులనూ బలియిచ్చి అతడు సాధించిన విజయం, అటువంటి ఎత్తుగడకు నేడు లభిస్తున్న తొలి ఉదాహరణ. పిరికివాడు ఆడే ఆట కాదది.

1800 ప్రాంతాన అతడు వైట్ ద్వీపానికి మకాం మార్చి పదేండ్లు అక్కడ గడిపాడు. 1806లో, యాభై రెండేండ్ల ప్రాయంలో, ఎలిజబెత్ ట్రెవెనెన్ అనే వితంతువును వివాహమాడాడు. ఆమె మొదటి భర్త కెప్టెన్ కుక్ మూడవ సముద్రయానంలో పాల్గొన్న నావికుడు. ఈ దాంపత్యం పొసగలేదు. కొద్దికాలానికే ఇద్దరూ విడిపోయారు, సంతానం కలుగలేదు. కుటుంబమంతా కూర్చుని చదువుకొనే గ్రంథానికి తన పేరు పెట్టిన వ్యక్తికి తనదంటూ ఒక కుటుంబం నిలువలేదు.

1807లో బాత్ నగరంలో ముద్రితమై కుటుంబ షేక్‌స్పియర్ అనే గ్రంథం నాలుగు చిన్న సంపుటాలుగా వెలువడింది. అందులో ఇరవై నాటకాలున్నాయి. సంపాదకుని పేరు ఎక్కడా లేదు. మూలంలో సుమారు పదోవంతు కత్తిరింపుకు గురైంది. పదకొండేండ్లకు, 1818లో, అదే పేరుతో పది సంపుటాల గ్రంథం లండన్‌లో లాంగ్‌మన్ సంస్థ ద్వారా వచ్చింది. ఈసారి ముప్పై ఆరు నాటకాలు. ముఖపత్రం మీద థామస్ బౌడ్లర్ పేరు. అప్పటికి అతడు వేల్స్ ప్రాంతంలో స్వాన్సీ పట్టణం దగ్గర రిడింగ్స్ అనే ఇంట నివసిస్తున్నాడు. మూలానికి తాను ఏమీ చేర్చలేదనీ, కుటుంబంలో బిగ్గరగా చదువరాని మాటలను మాత్రం తొలగించాననీ ముఖపత్రం మీదనే అతడు బాహాటంగా చెప్పుకొన్నాడు.

అతని కత్తెర ఎలా నడిచిందో చూడడం ఆసక్తికరం. దైవనామాన్ని ఊతపదంగా వాడినచోట ఆకాశాన్ని సంబోధించే మాట పెట్టాడు. నాలుగవ హెన్రీ రెండవ భాగంలో డాల్ టేర్‌షీట్ అనే వేశ్య పాత్రను పూర్తిగా తొలగించాడు. అయితే కత్తెరకు లొంగని నాటకాలు కూడా అతనికి ఎదురయ్యాయి. మెజర్ ఫర్ మెజర్ నాటకంలో కథాబీజమే కామం, అధికారం, కపటం. మాటలు తీసివేస్తే కథ మిగలదు. అందుచేత 1818 ముద్రణలో నటుడు కెంబుల్ రంగస్థలం కోసం సవరించిన ప్రతినే ఉపయోగించుకొన్నాడు. ఒథెల్లో విషయంలో అతడు చేతులెత్తివేశాడు. ఎంత తొలగించినా అది ఇంటిల్లిపాదీ కూర్చున్న గదిలో చదువదగినది కాదనీ, ఏకాంత పఠనానికి ఉంచుకోవడం మేలనీ హెచ్చరిక చేర్చాడు. ఒక మహారచనను పాడుచేయడం కంటె పక్కన పెట్టడమే మంచిదని గ్రహించిన ఆ క్షణంలో అతనిలోని పాఠకుడు సంపాదకుని గెలిచాడు.

మొదట గ్రంథానికి పెద్ద ఆదరణ లేదు. 1821లో రెండు ప్రసిద్ధ పత్రికల నడుమ వైరం దానికి కలిసివచ్చింది. బ్లాక్‌వుడ్ పత్రిక ఈ ప్రయత్నాన్ని ఎగతాళి చేయగా, ఎడింబరో రివ్యూలో ఫ్రాన్సిస్ జెఫ్రీ దీనిని మెచ్చుకొన్నాడు. అమ్మకాలు ఊపందుకొన్నాయి. 1850 నాటికి పదకొండు ముద్రణలు వెలువడ్డాయి. ఆ విజయం అంతా చూడకుండానే, 1825 ఫిబ్రవరి 24న బౌడ్లర్ రిడింగ్స్ గృహంలో కన్నుమూశాడు. స్వాన్సీ సమీపంలోని ఆయిస్టర్‌మౌత్ చర్చి ఆవరణలో అతనిని సమాధి చేశారు. రోమక సామ్రాజ్య పతనంపై గిబ్బన్ వ్రాసిన మహాచరిత్రను కూడా ఇదే తీరున సంస్కరించి సిద్ధం చేయగా, అది మరణానంతరం 1826లో వెలువడింది.

మరణించిన పదకొండేండ్లకు, 1836లో, పార్లమెంటు సభ్యుడు పెరోనెట్ థాంప్సన్ తన రచనలో ఈ క్రియను ప్రయోగించాడు. లభిస్తున్న ప్రయోగాలలో అదే మొదటిది. బైబిలులో కనిపించే కొన్ని పాతపేర్లను కూడా ఈనాటి అతినిష్ఠాపరులు బౌడ్లర్ తీరున సవరించి ఉండేవారేమో అని ఆయన చమత్కరించాడు. ఆ చమత్కారమే అనంతరం నింద అయినది. వైద్యుడు, చెరసాలల సంస్కర్త, చదరంగ నిపుణుడు, స్నేహితుని కోసం ప్రాణాన్ని పణంగా పెట్టినవాడు అయిన మనిషి డెబ్బై ఏండ్ల జీవితమంతా ఒక్క క్రియలోకి కుదించబడింది. ఒక విధంగా లోకం అతని జీవితాన్ని కూడా కత్తిరించి ప్రకటించింది.

కాని కథ ఇక్కడితో ముగియలేదు. 1807 నాటి తొలి ముద్రణను సిద్ధం చేసింది థామస్ కాదు, అతని అక్క హారియెట్. ఈ సంగతిని 1969లో నోయెల్ పెర్రిన్ అనే అమెరికా పండితుడు తన గ్రంథంలో సాక్ష్యాధారాలతో విశదీకరించాడు. ఇరవై నాటకాలను ఎంచి, కత్తెర పట్టింది ఆమె. తమ్ముడు చేసినది ఆ పనిని విస్తరించి, మిగిలిన నాటకాలను చేర్చి, తన పేరుతో ప్రకటించడం.

ఆమె ఎందుకు పేరు దాచుకొన్నది? సమాధానం ఆ కాలపు స్త్రీ స్థితిలో ఉంది. ఏ మాట అసభ్యమో గుర్తించాలంటే ముందు దాని అర్థం తెలియాలి. గౌరవ కుటుంబానికి చెందిన అవివాహిత తనకు అటువంటి అర్థాలు తెలుసునని లోకం ముందు ఒప్పుకోవడం ఆనాడు అసంభవం. కనుక గ్రంథాన్ని నిర్దోషం చేసిన స్త్రీ, తన నిర్దోషిత్వాన్ని కాపాడుకోవడానికి తన పేరును తొలగించుకొన్నది. కుటుంబ షేక్‌స్పియర్ నుంచి జరిగిన తొలగింపులన్నింటిలో పెద్దది సంపాదకురాలి పేరే.

హారియెట్ సామాన్యురాలు కాదు. ఆమె పేరు లేకుండా ప్రకటించిన మతోపన్యాసాలు దాదాపు యాభై ముద్రణలు పొందాయి. లండన్ బిషప్ వాటిని చదివి, రచయిత ఎవరో విద్వాంసుడైన మతాచార్యుడై ఉంటాడని తలచి, ప్రచురణకర్త ద్వారా అతనికి ఒక చర్చి పదవిని ఇవ్వజూపాడని ఆమె జీవితకథనాలు తెలుపుతున్నాయి. అరబ్బీ, పారసీ, హీబ్రూ భాషలు సొంతంగా అభ్యసించి, ముప్పై ఏండ్లు నిండకుండానే 1806లో మరణించిన ఎలిజబెత్ స్మిత్ అనే విదుషి రచనలను సేకరించి, జీవితకథ జోడించి 1808లో వెలువరించింది కూడా ఈమెయే. మరొక స్త్రీ పేరు చెరిగిపోకుండా కాపాడిన ఆ చేయి తన పేరును మాత్రం వ్రాసుకోలేదు. హారియెట్ 1830లో మరణించింది.

ఇక్కడ మన విద్యార్థులకు చిరపరిచితమైన మరొక గ్రంథం తలపుకు వస్తుంది. ఉపవాచకంగా తరతరాలు చదివిన లాంబ్ షేక్‌స్పియర్ కథలు వెలువడినది కూడా 1807లోనే. అందులోనూ కథలు ఇరవయ్యే. వాటిలో ఎక్కువ భాగం వ్రాసినది అక్క మేరీ. విషాదాంత కథలు తమ్ముడు చార్లెస్‌వి. తొలి ముద్రణ ముఖపత్రం మీద ఉన్నది చార్లెస్ పేరొక్కటే. ఒకే ఏడు, ఒకే మహాకవిని, ఇద్దరు అక్కలు ఇంటింటికీ చేర్చారు. ఇద్దరి పేర్లూ లోకానికి ఆలస్యంగా తెలిశాయి.

మన సాహిత్యంలోనూ ఇటువంటి ఘట్టం లేకపోలేదు. తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో 18వ శతాబ్దంలో ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనం పూర్వపు అచ్చుప్రతిలో, కవయిత్రి తనను గురించి చెప్పుకొన్న పీఠిక, కొన్ని పద్యాలు లేకపోవడం బెంగుళూరు నాగరత్నమ్మ గమనించి, 1910లో సమగ్రప్రతిని ప్రకటించింది. ప్రభుత్వం ఆ కావ్యాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో గాని నిషేధం తొలగలేదు. కత్తెర పడినచోట పద్యంతో పాటు కవి పేరు కూడా తెగి పడవచ్చునని ఈ రెండు దేశాల కథలూ చెబుతున్నాయి.

అయితే బౌడ్లర్‌ను నిందించి ఊరుకోవడం న్యాయమా? అశ్లీల కవి అని ఒకప్పుడు తానే నిందలు మోసిన స్విన్‌బర్న్, 1894లో బౌడ్లర్ పక్షం వహించాడు. ఊహాశక్తిగల పిల్లల చేతికి షేక్‌స్పియర్‌ను అందించినవాడు ఆ మహాకవికి చేసిన సేవ ఇంతింత కాదని ఆయన అభిప్రాయం. తరగతి గదిలో ఏదో ఒక పంక్తి దగ్గర గొంతు సవరించుకొని ముందుకు సాగని అధ్యాపకుడు అరుదు. పిల్లలకు చెప్పే కథలో కొంత దాచని తల్లి అంతకంటె అరుదు. ఆ అర్థంలో మనమందరమూ కొద్దోగొప్పో బౌడ్లర్లమే.

భేదం మరొకచోట ఉంది. బౌడ్లర్ తాను తొలగించానని ముఖపత్రం మీదనే చెప్పాడు. మూలగ్రంథాన్ని ఎవరి చేతి నుంచీ లాగుకోలేదు. కావలసినవారు దానిని కొని చదువుకొనే వీలు అలాగే ఉంది. చెప్పి కోసేవాడితో పాఠకుడు వాదించవచ్చు. చెప్పకుండా కోసేవాడి ముందు పాఠకుడు నిస్సహాయుడు; తనకు ఏమి దక్కలేదో కూడా అతనికి తెలియదు. బౌడ్లర్ చేసిన అసలు పొరపాటు వేశ్య పాత్రను తీసివేయడం కాదు. అక్క శ్రమ మీద తన పేరు వేసుకొని, ఆ ఒక్క తొలగింపును మాత్రం ముఖపత్రం మీద చెప్పకపోవడం. దానిలో అక్క సమ్మతి ఉండవచ్చు; ఆమెచేత ఆ సమ్మతి ఇప్పించినది కాలం.

బౌడ్లర్ కుటుంబం తరతరాలుగా సేకరించిన వేలాది కరపత్రాలు వేల్స్‌లోని లాంపీటర్ కళాశాలకు చేరి నేటికీ పరిశోధకులకు ఉపయోగపడుతున్నాయి. అక్కడ ఒక అక్షరమైనా కోత పడలేదు. లోకానికి తెలిసిన కత్తెర, లోకం గుర్తించని ఆ భాండాగారం, రెండూ ఒకే ఇంటివి.

విద్యార్థి మిత్రులు నిఘంటువులో ఒక మాట వెదకినప్పుడు అర్థం చూసి పుట మూసివేయడం వాడుక. ఇకమీదట బౌడ్లరైజ్ అన్న మాట ఎదురైతే, ఆ పుట వద్ద ఒక్క నిమిషం ఆగవలసిందిగా మనవి. ఆ క్రియకు కర్తగా నిలిచిన తమ్ముని వెనుక, కర్తృత్వం కోల్పోయిన ఒక అక్క ఉన్నది. చేతికి వచ్చిన ప్రతి గ్రంథంలో ఏమి ఉన్నదో చూడడం చదువు. ఏమి లేకుండా పోయిందో, ఎవరి పేరు లేకుండా పోయిందో అడగడం వివేకం.